ముసుగుల కింది మిషన్లు

జోలెకా సిడ్లోయి పుట్టుకతో కోపిష్టి కాదు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒక రేకుల గోడ మాత్రమే కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను. చిన్నప్పుడు ఆమె నవ్వడం మొదలుపెడితే మా అమ్మ ఇవతలి నుంచి, "ఆ పిల్లకి ఎవరైనా మంచినీళ్ళివ్వండర్రా, ఊపిరాడక పోయేలా ఉంది" అని కేకేసేది. ఇవాళ మా ఊరు ఎండంత్సానేలో ఎవరినడిగినా, "ఎవరు, ఆ వెల్డింగావిడా? బాబోయ్, ఆవిడ నోట్లో పడకండి" అంటారు. ఈ రెండిటి మధ్య ఏం జరిగిందో నాకు తెలుసు. చాలా భాగం నేను పనిచేసిన ఫ్యాక్టరీలోనే, నా కళ్ళముందే జరిగింది.

మా ఊళ్ళో ఉద్యోగాలు రెండు రకాలు. ఒకటి, దొరికినవాళ్ళు చచ్చేదాకా వదలనిది. రెండోది, ట్రైనీ. జోలెకా స్కూలు ముగించిన దగ్గర్నుంచీ ట్రైనీయే. మొదట సూపర్‌మార్కెట్‌లో చేరింది. దాని పేరు చిల్లర వర్తక నైపుణ్యం. చేయించింది అరల్లో డబ్బాలు సర్దే పని. తర్వాత ఆసుపత్రి వంటశాలలో ఆహార పరిశుభ్రత నేర్పుతామన్నారు. ఏడాది పొడుగునా గిన్నెలు తోమించారు. ఏడాది నిండగానే అందరినీ వరసలో నిలబెట్టి, చేతులు కలిపి, కేకు ముక్క పెట్టి పంపేసేవాళ్ళు. కేకు అరిగేలోపే అదే గిన్నెల ముందు కొత్త ట్రైనీలు.

వాళ్ళమ్మ నోబండ్లా కట్టెపుల్లలు విరుస్తూ దెప్పేది. "ఏమే, ముప్పై దాటాయి, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నావా? ఈపాటికి డాక్టర్లు కూడా పాసైపోతారు కదే!"

"నేర్చుకుంటున్నానని ఎవరన్నారమ్మా? ట్రైనీని అన్నానంతే" అనేది జోలెకా. అప్పటికింకా నవ్వుతూనే అనేది.

ఈ ట్రైనీల యవ్వారం వెనక ఒక చట్టం ఉంది. ప్రతి కంపెనీ తను ఇచ్చే జీతాల లెక్క మీద కొంత తీసి సర్కారు నైపుణ్యాల నిధికి కట్టాలి. పని రానివాళ్ళకి పని నేర్పితే అందులో కొంత వెనక్కి వస్తుంది, పైగా పన్ను కూడా తగ్గుతుంది. రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. తెల్లవాళ్ళ ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ నల్లవాడు ఎంత పనిమంతుడైనా కాగితం మీద హెల్పరే. ఆ అన్యాయాన్ని దిద్దుదామనే ఈ చట్టం తెచ్చారు. కానీ పని నేర్పడానికి ఓపిక కావాలి, ఇనుము పాడవుతుంది, మంచి పనివాడి సమయం పోతుంది. నేర్పినట్టు చూపించడానికి ఇవేవీ అక్కర్లేదు. ఈ సంగతి మా ఫ్యాక్టరీవాళ్ళకి చట్టం రాసినవాళ్ళకన్నా ముందే అర్థమైంది.

మా ఫ్యాక్టరీలో లారీల వెనక తగిలించే ట్రెయిలర్లు చేసేవాళ్ళం. పేరు చెప్పను, ఇప్పుడది లేదు. నేను స్టోర్స్ మనిషిని. వెల్డింగ్ ట్రైనీల్లో జోలెకా పేరు వచ్చిన రోజు ఆమె గోడ మీంచి తల పెట్టి, "మొన్వాబిసీ! ఈసారి నిజమైన పని. ఇనుము! అది అబద్ధం చెప్పదుగా!" అని అరిచింది. వాళ్ళమ్మ పిండి కలిపి గ్విన్యాలు వేయించింది. వేడివేడి గ్విన్యాలు నూనె కారుతూ మా ఇంటికీ వచ్చాయి.

మొదటి రోజు ట్రైనీలందరినీ ఒక కొత్త షెడ్డులోకి తీసుకెళ్ళారు. గోడలకు తెల్లరంగు, వరసగా కొత్త వెల్డింగ్ మిషన్లు, ఒక్కోదానికి ఒక్కో తెర. నిధి డబ్బుతో కొన్నవే అన్నీ. శిక్షణ చూసే మేనేజరు మిస్టర్ మబెకా మా ఊరివాడే, మా బడిలోనే చదివాడు. మెరిసే బూట్లు, మెత్తని గొంతు. "మీరు ఈ దేశపు భవిష్యత్తు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. ఫోటోలు అయ్యాక ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి మిషన్ల మీద నీలం ముసుగులు కప్పి, తలుపుకి తాళం వేశారు.

"క్లాసు ఎప్పుడు సార్?" అని జోలెకా అడిగింది.

"చెబుతాంగా సిసీ. ముందు ఫ్యాక్టరీ వాతావరణానికి అలవాటు పడండి." మావాళ్ళు అక్కని సిసీ అనీ, అన్నని బూటి అనీ పిలుస్తారు.

ఆ అలవాటు పడడం ఏమిటంటే తుప్పు గీకడం. ట్రెయిలర్ల కింద వెల్లకిలా పడుకుని ఇనప బ్రష్షుతో తుప్పు గీకి, రంగు పుయ్యాలి. రేకులు మొయ్యాలి. ఇంతకుముందు ఆ పని చేసినవాళ్ళకి జీతం ఉండేది. వాళ్ళని ఇంటికి పంపి ట్రైనీలను తెచ్చారు. ట్రైనీకి ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. దాంతో టాక్సీ ఖర్చూ, మధ్యాహ్నం రొట్టే పోను మిగిలేది చెప్పుకోవడానికి సిగ్గు.

నెలలు గడిచినా తాళం తియ్యలేదు. జోలెకా ఫోర్‌మన్ కోబస్ దగ్గరికి వెళ్ళింది.

"మాకు నేర్పేదెప్పుడు సార్?"

"కళ్ళున్నాయిగా. వెల్డర్లు చేస్తుంటే చూసి నేర్చుకో."

"అద్దం లేకుండా ఆ వెలుగు చూస్తే కళ్ళు మండి నీళ్ళు కారతాయి. అద్దం ఇప్పించండి, చూస్తాను."

"అద్దాలు వెల్డర్లకి."

"నేను వెల్డింగ్ ట్రైనీని కదా?"

"అదే చెబుతున్నా, ట్రైనీవి" అన్నాడు కోబస్. పక్కనున్నవాళ్ళు నవ్వారు. జోలెకా కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఆమె నవ్వబోయి ఆగడం నేను చూడడం అదే మొదలు.

ట్రైనీల్లో బోనకెలే అని ఒకాయన ఉండేవాడు. పూర్వం టాక్సీ నడిపేవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ట్రెయిలర్ కింద పడుకునే అందరినీ నవ్వించేవాడు. "వెల్డింగ్ రాకపోతేనేం, పడుకోవడంలో సర్టిఫికెట్ ఇస్తారు మనకి" అనేవాడు. చలికాలంలో ఆర్డర్లు పెరిగాయి, మనుషులు చాల్లేదు. కోబస్ అతని చేతికి గ్రైండర్ ఇచ్చి అతుకులు నున్నగా అరగదియ్యమన్నాడు. ఆ మిషన్‌కి ఏ చక్రం బిగించాలో, కాపుదల రేకు ఎందుకుంటుందో ఒక్కరూ చెప్పలేదు. ఆ రేకు ఎప్పుడో ఊడిపోయింది. చక్రం దాని వేగానికి తగ్గది కాదు. బిగించి స్విచ్ నొక్కిన కాసేపటికి అది పగిలి ముక్కలైంది.

స్టోర్స్‌లోకి వినపడింది ఆ కేక. నేను పరుగెత్తేసరికి జోలెకా తన తలగుడ్డ విప్పి అతని కుడిచెయ్యి చుట్టేసి గట్టిగా పట్టుకుని ఉంది. గుడ్డ పసుపురంగుది, చూస్తుండగానే రంగు మారిపోయింది. "నా వేళ్ళు చూడు సిసీ, ఉన్నాయా?" అని అడుగుతున్నాడు. ఆమె, "ఉన్నాయి బూటి, ఉన్నాయి" అంటోంది. లేవు. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి, అంతే.

మర్నాడు మబెకా ట్రైనీలందరినీ పోగుచేశాడు. "జరిగింది విచారకరం. జాగ్రత్తలు పాటించకపోతే ఇలాగే అవుతుంది. భద్రత గురించి అందరికీ పాఠం చెప్పాం కదా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?" అంది జోలెకా.

"రికార్డులో ఉంది, సిసీ."

"రికార్డుకి చెప్పారేమో. మాకు చెప్పలేదు. బోనకెలేకి చెప్పలేదు. ఆ తాళం వేసిన షెడ్డులో ఎవరికి చెప్పారు, మిషన్లకా?"

"నీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ గొంతు తగ్గించు."

"మీ చేతులు బావున్నాయి కదా, మీ గొంతు తగ్గే ఉంటుంది."

ఆ రోజు నుంచి ఆమె మనిషి మారిపోయింది. ఇంటికొచ్చి ఏ వస్తువైనా ఠపీమని పెట్టేది. తలుపు వేస్తే మా గోడ అదిరేది. వాళ్ళమ్మ దెప్పడం మానేసింది.

ఏడాది చివర్లో పై నుంచి కబురొచ్చింది. మా దేశం జనానికి పనులెలా నేర్పుతోందో చూడడానికి మూడు దేశాలవాళ్ళు వస్తున్నారు, అందులో మా ఫ్యాక్టరీ కూడా చూస్తారు. ఇక హడావిడే హడావిడి. షెడ్డు తాళం తీశారు. ముసుగులు తీశారు. ట్రైనీలందరికీ కొత్త నీలం బట్టలు, అద్దాలు, తోలు చేతొడుగులు ఇచ్చారు. నేనే పంచాను, సాయంత్రం కల్లా వెనక్కి తీసుకోమని చెప్పారు.

అతిథుల ముందు మాట్లాడడానికి మబెకా జోలెకాను ఎంచుకున్నాడు. "ఆడమనిషివి. నీ నవ్వు ఫోటోలో బాగా పడుతుంది" అన్నాడట. పని సులువే. ఫెజిలే అనే మంచి వెల్డరు ముందే ఒక అతుకు వేసి ఉంచుతాడు. ఆమె మిషన్ పక్కన నిలబడి, ఆ ముక్కను చేత్తో ఎత్తి చూపి, నాలుగు మాటలు చెప్పి నవ్వాలి. బాగా చేస్తే ఉద్యోగం గురించి ఆలోచిస్తామని కూడా అన్నాడు.

"ఒప్పుకున్నావా?" అని అడిగాను, గోడ దగ్గర.

"ఒప్పుకున్నాను."

"బోనకెలే సంగతి మర్చిపోయావా?"

"ఏడాదిలో మొదటిసారి నన్ను మిషన్ ముందు నిలబెడతామంటున్నారు. ఎందుకు కాదంటాను?" అంది. ఆమె మొహంలో నాకేమీ కనపడలేదు.

అతిథులు వచ్చారు. మా సర్కారు నుంచి ఒక పెద్దాయన, జర్మనీ నుంచి ఇద్దరు, మలేషియా నుంచి కొందరు, ఘానా నుంచి అడోమా అనే పొట్టి ఇంజనీరమ్మ. మబెకా మాటలు వెన్నలా జారుతున్నాయి. జోలెకా ముక్క ఎత్తి చూపింది. అందరూ తలలూపారు. ఫోటోలు తీశారు. అడోమా గారు ఆ ముక్కను తీసుకుని, తిప్పి చూసి, "చక్కగా ఉంది తల్లీ. ఈ మూల దగ్గర రేకు వంకర పోకుండా ఎలా వేశావు?" అని అడిగింది.

"నాకు తెలియదమ్మా" అంది జోలెకా.

మబెకా నవ్వాడు. "మొహమాటం. మీ అందరినీ చూసి కంగారుపడుతోంది."

"కంగారేం లేదు. ఇది నేను వెయ్యలేదు. నాకు ఎంత వచ్చో చూపిస్తాను, ఉండండి" అంటూ మిషన్ ఆన్ చేసింది. ఎవరైనా ఆపేలోపు అద్దం దించుకుని, రాడ్డు బిగించి, రేకుకి ఆనించింది. రాడ్డు అతుక్కుపోయింది. లాగింది, రాలేదు. ఎర్రగా కాలి వంగిపోయింది. దాన్ని ఊడపెరికి, ఇంకోటి బిగించి మళ్ళీ ఆనించింది. ఈసారి రేకుకి బొక్క పడింది. కాలిన వాసన షెడ్డంతా నిండింది. ఆమె ఆ బొక్క పడిన రేకును పటకారుతో ఎత్తి అందరికీ చూపించింది.

"చూశారా! ఏడాదిగా నేను వెల్డింగ్ ట్రైనీని. ఇదీ నాకొచ్చిన వెల్డింగ్. నా తప్పనుకుంటారేమో, పక్కవాళ్ళని కూడా వెయ్యమనండి. తుప్పు ఎలా గీకాలో అడగండి, ఎంత బాగా చెబుతామో చూడండి! ఈ షెడ్డుకి ఇవాళే తాళం తీశారు. ఈ బట్టలు సాయంత్రం ఇచ్చెయ్యాలి. ఇంకొకాయన రాలేదు, బోనకెలే. ఆయనకి గ్రైండర్ నేర్పామని చెబుతారు వీళ్ళు. వెళ్ళి ఆయన చెయ్యి చూడండి."

ఆమె గొంతులో ఉన్నది కన్నీళ్ళు కాదు, ఉత్త కోపం. ట్రైనీలు నేల చూస్తున్నారు. అడోమా గారు వరసలో మిగతా మిషన్ల దగ్గరికి నడిచి, ఒక్కోదాని కేబులు పట్టి చూసింది. ప్లాస్టిక్ చుట్టింది చుట్టినట్టే ఉంది.

"మా దేశంలో నేర్చుకునేవాడు మేస్త్రీకి నీళ్ళు మోస్తాడు, తిట్లు తింటాడు, అతని పిల్లల్ని ఎత్తుకుంటాడు" అందావిడ మబెకాతో. "అది గొప్ప పద్ధతని నేననను. కానీ చివరికి ఆ మేస్త్రీ నేర్పుతాడయ్యా! మీరు వీళ్ళచేత నీళ్ళు మాత్రం మోయించారు!"

జర్మనీవాళ్ళలో ఒకాయన తన పుస్తకం మూసేశాడు. మా సర్కారు పెద్దాయన వాచీ చూసుకుని, "టీ చల్లారిపోతోంది, పదండి" అన్నాడు. అదే నాకిప్పటికీ మింగుడుపడదు. ఒక మనిషి వేళ్ళు పోయాయని చెబుతుంటే ఆయనకి టీ గుర్తొచ్చింది.

జోలెకాను ఆ మధ్యాహ్నమే గేటు బయటికి పంపారు. వారం తిరక్కుండా శిక్షణ మొత్తం ఆపేశారు, విచారణ అన్నారు. ట్రైనీలందరికీ ఆఖరి స్టైపెండ్ కూడా ఆగిపోయింది. వాళ్ళ కోపం ఎవరి మీదకి పోవాలి? మబెకా మీదకి పోలేదు. టాక్సీల దగ్గర నోమాజా అనే తోటి ట్రైనీ జోలెకాను పట్టుకుని అందరిముందూ కడిగేసింది.

"నీకేం, ఒంటిదానివి! నీ నోటి దూలకి నా పిల్లల నోటికాడి కూడు పోయింది. ఇంకొక్క నెల ఓర్చుకుంటే సర్టిఫికెట్టైనా వచ్చేది!"

"దేనికొచ్చే సర్టిఫికెట్టే? తుప్పుకా?"

"దేనికైతే నీకెందుకు? నాకు కావాలి. గోడకి తగిలించుకుంటాను, చించుకుంటాను, నా ఇష్టం!"

జోలెకా ఇంటికొచ్చి కూర్చుంది. ఆ వారంలోనే ఎవరో ఆమె కిటికీ అద్దం పగలగొట్టారు.

విచారణ ఏమైందంటే, ఏమీ కాలేదు. మరుసటి ఏడాది అదే షెడ్డులో ఇంకో పేరుతో ఇంకో శిక్షణ మొదలైంది. మబెకాను నైపుణ్యాల సలహా సంఘంలో వేశారు. ఆ వార్త రేడియోలో విని జోలెకా రేడియోను ఎత్తి నేలకేసి కొట్టింది. వాళ్ళమ్మ, "మబెకాని కొట్టవే, నా రేడియో ఏం చేసింది?" అంది.

ఆ కోపాన్ని ఆమె ఊరికే ఉంచలేదు. బోనకెలేని వెంటేసుకుని కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ట్రైనీ పనివాడు కాడు, కాబట్టి పరిహారం రాదని కంపెనీ వాదన. తుప్పు గీకేటప్పుడు పనివాడు, వేళ్ళు పోయేటప్పుడు విద్యార్థి! కౌంటరు దగ్గరి అమ్మాయి, "మళ్ళీ వచ్చారా సిసీ?" అంటే, "ఈయన వేళ్ళు మొలిచేదాకా వస్తాను" అనేది. ఆఖరికి అతను పనివాడేనని తేల్చారు. పరిహారం వచ్చింది. వచ్చేసరికి భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయి ఉంది. అతను ఇప్పటికీ ఎడమచేత్తో తింటాడు. జోకులు వెయ్యడు.

మా వీధి చివర గ్వింత్సా అనే ముసలాయన ఉండేవాడు. రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా వెల్డింగ్ చేశాడు. ఒకరోజు జోలెకా దారిన పోతుంటే పిలిచాడు.

"నువ్వేనా, దేశాలవాళ్ళ ముందు రేకుకి బొక్క పెట్టింది?"

"నేనే తాతా. నువ్వూ తిడతావా?"

"రాడ్డు ఎలా పట్టుకున్నావో చూపించు." చీపురుపుల్ల తీసి ఇచ్చాడు. ఆమె పట్టుకుంది. ఆయన తల కొట్టుకున్నాడు. "చీపురుపుల్లక్కూడా బొక్క పెట్టేలా ఉన్నావు."

తర్వాత ఆయన చెప్పిన మాట ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. "నాకు పని వచ్చు, పేరివ్వలేదు. చచ్చేదాకా హెల్పరనే రాశారు. నిన్నటి దొరలు నాకలా చేశారు. నీకేమో పేరిచ్చారు, పని ఇవ్వలేదు. ఇవాళ్టి మనవాళ్ళు నీకిలా చేశారు. రేపట్నుంచి రా."

ఆయన పెరట్లో పాత మిషన్ ఒకటి ఉంది. అది దగ్గుతూ, ఫ్యూజులు కొట్టేస్తూ నడిచేది. విరిగిన గేట్లు, కుర్చీలు తెచ్చి ఆమె ముందు పడేసేవాడు. ముసలాయన నేర్పింది ప్రేమగా ఏం కాదు. కర్రతో మోకాలి మీద కొట్టేవాడు. "చెయ్యి ఎందుకు వణుకుతోంది?" అనేవాడు.

"కోపం తాతా."

"దాన్ని ఇంట్లో పెట్టి రా."

"ఇంట్లో చోటు లేదు తాతా, అమ్మ ఉంది."

అలా రెండేళ్ళు. బయటివాళ్ళు కూడా రాయగల సర్కారు వెల్డింగ్ పరీక్ష ఒకటుంది. మొదటిసారి తప్పింది, చేతిపని బావుంది కానీ డ్రాయింగు చదవడం రాలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆ డ్రాయింగులు ఫెజిలే చేత చెప్పించుకుని రెండోసారి పాసైంది. సర్టిఫికెట్ పట్టుకెళ్ళి ముసలాయనకి చూపిస్తే కళ్ళు దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. "నాకు ఇలాంటి పరీక్ష ఎవరూ పెట్టలేదు" అన్నాడు. అభినందన లేదు, ఇంకేమీ లేదు. ఆమె ఆ రోజు ఆయన పక్కన మట్టిలో కూర్చుని ఏడ్చింది. సంతోషంతో అనుకుంటారేమో, కాదు. ఆయన తరఫున కోపంతో.

ఇప్పుడు ఆమె రేవులో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. మా ట్రెయిలర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక నేనూ అక్కడి స్టోర్స్‌లోనే చేరాను. "పని దొరికింది, పేరొచ్చింది. ఇంకా ఎందుకీ కోపం?" అని ఒకసారి అడిగాను.

"నాకొచ్చింది సరే. నోమాజాకి వచ్చిందా? ఆవిడ మొన్న ఇంకో చోట ట్రైనీగా చేరింది, మనవరాలు పుట్టాక! నన్ను చల్లబడమంటావేంటి?"

మొన్న యార్డుకి కొత్త ట్రైనీలు వచ్చారు, ఇద్దరు అమ్మాయిలు. ఫోర్‌మన్ వాళ్ళ చేతికి రంగు డబ్బాలు ఇచ్చాడు. జోలెకా ఓడ పక్క నుంచి దిగి వచ్చి, రాడ్డు పట్టే తన హోల్డర్ నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

"ఏమైంది సిసీ? ఓడ సాయంత్రానికి నీళ్ళలోకి దిగాలి" అన్నాడు ఫోర్‌మన్.

"వీళ్ళ కాగితం మీద ఏముంది? వెల్డింగ్ ట్రైనీ అనేగా? మరి అద్దాలేవి?"

"రేపు చూద్దాంలే."

"నేనూ రేపే వెల్డింగ్ చేస్తాలే."

అతను తిట్టాడు. ఆమె రెట్టింపు తిట్టింది. ఓడ మనిషి పైనుంచి అరిచాడు. మిగతా వెల్డర్లు ఒక్కొక్కరే మిషన్లు ఆపి చూడసాగారు. చివరికి ఫోర్‌మన్ నా కిటికీ దగ్గరికి వచ్చి, నా మొహం చూడకుండా, "రెండు అద్దాలు, రెండు జతల చేతొడుగులు ఇవ్వు" అన్నాడు.

ఇచ్చాను. ఆ పిల్లలిద్దరూ భయంభయంగా ఆమె వెనక ఓడ పక్కకి నడిచారు. కాసేపటికే జోలెకా గొంతు యార్డంతా వినిపించింది: "ఆ మోచెయ్యి! మోచెయ్యి దించమన్నానా? చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?" ఒక పిల్ల కళ్ళనీళ్ళతో ఇవతలికొచ్చి ముక్కు తుడుచుకుంటూ నిలబడింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. అద్దం తుడుచుకుని, మళ్ళీ ఓడ దగ్గరికే వెళ్ళింది.